కడప బండ మీద మోకాళ్లు

సీమ పల్లెల్లో పాత చర్చీల నేల గుర్తుందా? టైల్సు లేవు, కార్పెట్లు లేవు. కడప, జమ్మలమడుగు దిక్కు నల్ల బండలు, కర్నూలు దిక్కు బేతంచెర్ల బండలు. అనంతపురం లోపలి పల్లెల్లో అవి కూడా లేక పేడతో అలికిన మట్టి నేల. డిసెంబరు, జనవరి నెలల్లో వేకువ ప్రార్థనకు పోతే ఆ బండ చల్లదనం మోకాలి చిప్పల్లోంచి నడుం దాకా ఎక్కేది. జంకాణాలు రెండో మూడో ఉండేవి, అవి ముసలోళ్లకూ బాలింతలకూ. మిగతా వాళ్లకు భుజాన ఉన్న తువ్వాలే దిక్కు.

ఆ తువ్వాలు వేసుకోవడానికీ ఒక పద్ధతి ఉండేది. నాలుగు మడతలు పెట్టి, ఆ మడత సరిగ్గా చిప్ప కిందికి కాకుండా దానికి రవ్వంత దిగువకు వచ్చేట్టు పరుచుకోవాలి. బరువంతా చిప్ప మీదే వేస్తే ఐదు నిమిషాలకే నొప్పి, ఇక మనసు దేవుడి మీద ఎక్కడ నిలుస్తుంది? మడమల మీద కూర్చుంటే మొదట హాయిగానే ఉంటుంది గానీ కాసేపటికి పాదాలు తిమ్మిరెక్కుతాయి. అలవాటున్న వాళ్లు ముందుకు వంగి, మోచేతులు నేలకానించి, నొసలు చేతుల మీద పెట్టేవాళ్లు. బరువు నాలుగు చోట్లకూ సర్దుకునేది. లేచేటప్పుడు ముందు ఒక పాదం ఊని, గోడో పక్క మనిషి భుజమో పట్టుకొని, ఓ రెండు క్షణాలు ఆగి అప్పుడు అడుగు వేయాలి. తొందరపడి లేచి పక్కామె మీద పడ్డవాళ్లను చూసి పిల్లలు నవ్వితే ఉపదేశి, అంటే ఊరి చర్చిలో బోధించేవాడు, కళ్లతోనే గదిమేవాడు.

ప్రార్థన ఎంతసేపుండాలో చాలావరకు ఆ బండే తేల్చేది. కుర్చీలొచ్చాక, మైకులొచ్చాక ప్రార్థనలు సాగడం మొదలుపెట్టాయంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఆ బండ మీద వంగిన వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల వాళ్లు. వంగడం వాళ్లకు కొత్త కాదు. పెద్ద వీధిలో చెప్పులు చేతబట్టుకొని, భుజం మీది తువ్వాలు చంకలోకి దించి నడిచిన తరాలు అవి. అక్కడ పిలుపు ‘సామీ’, ‘దొరా’. చర్చిలో మాత్రం ‘నాయనా’. తెలుగు బైబిల్లో దేవుణ్ణి ‘నీవు’ అనే పిలుస్తారు, ‘మీరు’ అనరు. మన దిక్కు కన్న తండ్రిని ‘నాయనా, నువ్వు’ అనడమే వాడుక కాబట్టి ఆ మాట ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. పుస్తకం చదవడం రాని జేజిలు, అంటే అవ్వలు, ‘నాయనా, నీకు తెలీందేముంది’ అని మొదలుపెట్టేవాళ్లు. పొద్దంతా ఎవరెవరికో ‘సామీ’ అన్న నోరు రాత్రికి ఆ ఒక్కడి ముందు ‘నువ్వు’ అనేది. భయంతో వంగడానికీ నమ్మకంతో వంగడానికీ తేడా ఆ జేజిలకు ఎవరూ బోధించాల్సిన పని లేకపోయింది. అందుకే వినయం మీద ప్రసంగం చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఊళ్లో ఎవరి ముందో అణిగి ఉండమని చెప్పడానికి, తన్ను తాను తగ్గించుకోవాలనే లూకా సువార్త మాటను వాడుకోకూడదు.

కడపలో లండన్ మిషన్ (ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీల సంస్థ) పని 1822లో మొదలైంది. తర్వాత గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం దాకా పాకింది. నంద్యాల, ముత్యాలపాడు దిక్కు ఆంగ్లికన్ వాళ్లు, అంటే ఇంగ్లండు చర్చి వాళ్లు, కర్నూలు పట్నంలో అమెరికన్ బాప్టిస్టులు. 1947 సెప్టెంబరు 27న కొన్ని మిషన్ల చర్చీలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది గానీ ప్రార్థన చేసే తీరు ఒక్కరోజులో మారేది కాదు కదా. లండన్ మిషన్ ఊళ్లలో, బాప్టిస్టు ఊళ్లలో మనసుకు తోచింది చెప్పుకునే ప్రార్థన. నంద్యాల దిక్కు పుస్తకం చూసి చదివే ప్రార్థన. వీళ్లు వాళ్లను ‘చదువుడు ప్రార్థన’ అని ఎగతాళి చేస్తే, వాళ్లు వీళ్లను ‘ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో’ అని నవ్వేవాళ్లు.

నిజానికి ఆ చదువుడు ప్రార్థనలో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ పుస్తకంలోని పొట్టి ప్రార్థనలకు ఒక కట్టుబాటు ఉంటుంది. మొదట పిలుపు. తర్వాత ఆయన ఎలాంటివాడో ఒక్క మాట. తర్వాత అడిగేది, అదీ ఒక్కటే. అది దేనికోసమో. చివర క్రీస్తు పేరు. ఈ అచ్చులో కూలి మనిషి ప్రార్థన పోస్తే ఇట్లా వస్తుంది: ‘తండ్రీ, కాకుల్ని సాకే వాడివి, ఈ వారం పని చూపించు, పిల్లలు పస్తు పండుకోకుండా, యేసు నామంలో, ఆమేన్.’ అర నిమిషం కూడా పట్టదు. రెండో మాట దగ్గరే నమ్మకం ఉంది చూడండి. కాకుల సంగతి ఎత్తగానే, అడగబోయేది ఆయన చేతకాని పనేం కాదని అడిగేవాడికే గుర్తొస్తుంది. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు ముందు చెప్పే ప్రార్థన కూడా అటువంటిదే. మా నీతిని నమ్ముకొని రాలేదనీ, బల్ల కింద రాలిన ముక్కలు ఏరుకోవడానికైనా తగమనీ ఒప్పుకొని మరీ చెయ్యి చాపడం. తగనని చెప్పి వెనక్కి తిరిగి పోవడం అందులో లేదు.

పేటల్లో రాత్రి కూటాలు వేరే సంగతి. గుంతకల్లు, గుత్తి చుట్టుపక్కల గంట కొనలేని చోట రైలు పట్టా ముక్క ఒకటి వేపచెట్టుకు వేలాడదీసి కొట్టేవాళ్లు. మొదటి గంటకు పొయ్యి ఆర్పాలి, రెండో గంటకు గడప దాటాలి. లాంతరు గాజును బూడిదతో తుడిచి, వత్తి సమంగా కత్తిరించి పెట్టేవాళ్లు. వత్తి వంకరగా ఉంటే ఒక పక్కే మంట లేచి గాజు మసి పట్టి, చదివేవాడికి అక్షరం కనబడదు. ఒక కీర్తన, ఒక అధ్యాయం, రెండు ముక్కలు వివరం. ఆ తర్వాత మోకాళ్లూనే ముందు సంఘ పెద్ద పనులు పంచేవాడు.

“అప్పా, నువ్వు వాన గురించి చెయ్యి. మరదలా, నువ్వు ఆసుపత్రిలో ఉండే పిల్ల గురించి. చిన్నాయనా, బడికి పొయ్యే పిల్లోళ్ల గురించి నువ్వు.”

ఒక్కొక్కరికి ఒక్కో విన్నపం. ఈ ఏర్పాటు వెనక తెలివి ఉంది. పంచకుండా వదిలేస్తే నోరున్న మనిషి ముందే లేచి వాన, జబ్బు, బడి, సర్కారు, సంఘం అన్నీ ఊడ్చేస్తాడు. తర్వాత వాళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదు, మాటలు రాని మనిషి ఇక ఎప్పటికీ నోరు తెరవడు. పంచి ఇస్తే నత్తిగా మాట్లాడే ముసలాయనకు కూడా ఓ వాక్యం దక్కుతుంది. తనకు ఇచ్చిన దాన్లోంచి పక్కోళ్ల దాన్లోకి పోకపోవడమే అక్కడ మర్యాద. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఎవరి కష్టం గురించి వాళ్లకు ఇవ్వరు. కొడుకు జబ్బు పడిన తల్లి వాన గురించి చేస్తుంది, ఆమె కొడుకు గురించి ఇంకొకరు చేస్తారు. తన బాధను ఇంకొకరి నోట వింటూ మౌనంగా ఉండటం ఎంత కష్టమో, ఎంత ఊరటో అనుభవించిన వాళ్లకే తెలుసు.

అందరివీ అయ్యాక, యేసు నేర్పిన పరలోక ప్రార్థన. దాన్ని ఎంత గబగబా అప్పజెప్పినా రాయలసీమలో రెండు మాటలు తప్పకుండా తగులుతాయి. ఒకటి ‘నేడు’. మా అనుదినాహారం నేడు దయచేయమని. దినకూలికి పోయే ఇంట్లో ఈ మాటకు వివరణ అక్కర్లేదు. గంపలో జొన్నలు రేపటికి ఉండవు, రేపటి పని రేపే దొరకాలి. రెండోది ‘ఋణములు’. మత్తయి సువార్తలో తెలుగు బైబిలు అపరాధాలు అనలేదు, ఋణములు అంది. మా ఋణస్థులను మేము క్షమించిన ప్రకారం మా ఋణములు క్షమించమని. విత్తనానికి అప్పు, మందుకు అప్పు, పెళ్లికి అప్పు ఉన్న చోట ఆ వాక్యం దగ్గర గొంతులు కాస్త తగ్గేవి. ఎవరి దగ్గర ఎవరికెంత బాకీ ఉందో పక్కపక్కనే మోకరించిన వాళ్లకు తెలుసు మరి. ఆ ప్రార్థన మొత్తంలో ‘నా’ అనే మాట ఒక్కటి కూడా లేదని పిల్లలకు వెతికి చూడమని పరీక్ష పెట్టే ఉపదేశులు ఉండేవాళ్లు. ‘మా’ తప్ప దొరకదు.

ఇక ప్రార్థన ఎక్కడ చెడుతుందో. దీనికి పాతకాలం, కొత్తకాలం తేడా లేదు గానీ మైకు వచ్చాక కొంచెం ఎక్కువగా వినబడుతోంది.

మొదటిది, దేవుడికి వార్తలు చదవడం. ‘ప్రభువా, నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు మా తమ్ముడు బండి మీద పోతుంటే’ అని మొదలయ్యేది. అది దేవుడికి కాదు, కూర్చున్న వాళ్లకు చెప్పేది. కూటానికి ముందే మనుషులకు చెప్పేస్తే ప్రార్థనలో అడిగేది మాత్రమే మిగులుతుంది. రెండోది దానికంటే చెడ్డది, ప్రార్థనలో పక్కింటి గుట్టు విప్పడం. ‘ఆ కుటుంబంలో జరిగే కలహాన్ని తీర్చు తండ్రీ, ఆ కోడలి మనసు మార్చు తండ్రీ.’ ఆమేన్ అనేసరికి పేటంతా తెలిసిపోతుంది. ఇట్లాంటి చోట పేరు ఎత్తకుండా ‘ఆ ఇంటి సంగతి నీకు తెలుసు’ అంటే చాలు, నిజంగానే ఆయనకు తెలుసు. మూడోది, మూడు మాటలకోసారి ‘ప్రభువా, ప్రభువా’, ‘స్తోత్రం, స్తోత్రం’ అని ఊతపదం వేయడం. తర్వాతి మాట కోసం వెతుక్కునేటప్పుడు ఇది దొర్లుతుంది. ఆ ఖాళీలో నోరు మూసుకొని ఒక ఊపిరి తీస్తే ఊతం దానంతట అదే పోతుంది. మౌనం వస్తే ఎవరైనా ఏమనుకుంటారో అనే భయమే దీనికి మూలం.

లూకా సువార్త 18వ అధ్యాయంలో, గుడికి ప్రార్థనకు పోయిన పరిసయ్యుడు (నిష్ఠగా ధర్మశాస్త్రం పాటించేవాడు), సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) సంగతి చర్చిలో తెలియని వాళ్లు లేరు. పరిసయ్యుడిది గర్వం అని అందరూ అంటారు. ఇంకో సంగతి గమనించాలి. అతను గుడికి పోయి ఏమీ అడగలేదు. వారానికి రెండు ఉపవాసాలు, రాబడిలో పదో వంతు కానుక, పక్కవాడికంటే తను నయం, అంతే. లెక్క అప్పజెప్పి వచ్చాడు. చెయ్యి చాపింది సుంకరి. దేవా, పాపినైన నన్ను కరుణించుము. తెలుగులో నాలుగు మాటలు. చేతులు ఖాళీగా ఉన్నవాడే అడుగుతాడు కాబట్టి, అడగడమే వినయంలో సగం.

అయితే అడగడంలో ఒక దొంగ వినయం కూడా ఉంది. ‘నీ చిత్తం అయితే’ అని ముందే అనేసి, అసలు ఏం కావాలో చెప్పకుండా జారుకోవడం. జరిగితే సరే, జరక్కపోతే మనం గట్టిగా అడగలేదులే అని తప్పించుకోవచ్చు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రార్థనలో వరుస అట్లా లేదు. సాధ్యమైతే ఈ గిన్నె తొలగించమని ముందు తేటగా అడిగాడు, ఆ తర్వాత నీ చిత్తమే అన్నాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అపొస్తలుడు పౌలు కూడా తన ‘ముల్లు’, అంటే వదలని బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, దొరికిన జవాబు వేరు. కాబట్టి ముందు అడిగేదేదో విప్పి చెప్పాలి. అనంతపురం రైతులు ఇందులో మొనగాళ్లు. ‘మా పంటను దీవించు’ అని గాల్లోకి వదలరు. బుడ్డలు (వేరుశెనగ) వేసిన నెలన్నరకు, కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళ నేల గట్టిపడితే ఊడ లోపలికి పోదు, పైపైనే ఎండిపోతుంది. అందుకని ‘ఊడ దిగేటప్పటికి ఒక్క పదును వాన’ అని అడుగుతారు. ఎంత కావాలో, ఎప్పుడు కావాలో తెలిసిన అడుగుడు. అదీ ‘మా చేను’ అని కాదు. వాన పడితే ఊరంతా పడుతుంది, పక్కోడి చేను వదిలి కురవదు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురం జిల్లాలో, కరువు వేళ వాన కోసం ప్రార్థించిన ప్రవక్త ఏలీయా కథ ఊరికే కథగా ఉండదు. ధాత కరువు, అంటే 1876 నుంచి 78 దాకా వచ్చిన గొప్ప కరువు, గురించి తాతలు చెప్పిన ఇళ్లలో మరీనూ. కర్మెలు కొండెక్కి ఏలీయా నేలకు వంగి, ముఖం రెండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడని మొదటి రాజులు 18లో ఉంది. అతని ప్రార్థనకు ఆకాశం నుంచి అగ్ని దిగివచ్చిన రోజే అది. అది చూసి జనమంతా దేవుడి ముందు సాగిలపడ్డారు, ఆ ప్రార్థన చేసిన మనిషి సాయంత్రానికి చంటిపిల్లాడిలా ముడుచుకొని ఉన్నాడు. ఆకాశం చూసిరమ్మని పనివాణ్ణి పంపాడు. ఏమీ లేదన్నాడు. మళ్లీ పంపాడు. ఏడోసారికి మనిషి చేయంత మబ్బు. మధ్యలో ఆరుసార్లు ‘ఏమీ లేదు’ విన్నాడన్నది మనవాళ్లు ఎక్కువగా తలుచుకునే భాగం. రాజు అహాబు ఆ వేళకు అన్నం తింటున్నాడు, అది వేరే సంగతి.

వాన కోసం ఉపవాసం పెట్టినప్పుడు కూడా లెక్క ఉండేది. పొద్దున, మధ్యాహ్నం భోజనం మానేయడం, నీళ్లు తాగడం, సాయంత్రం ప్రార్థనతో విడవడం. విడిచేటప్పుడు మజ్జిగో పలుచని గంజో ముందు, అరగంట ఆగి సంగటి. ఖాళీ కడుపులో ఒక్కసారిగా సంగటి ముద్ద, కారం పడితే రాత్రంతా కడుపు పట్టుకొని కూర్చోవాల్సిందే. చక్కెర జబ్బు మాత్రలు వేసుకునే వాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, ఎండలో కలుపుకు పోయేవాళ్లు ఉపవాసం ఉండకూడదు. ఉంటే అది భక్తి కాదు, మొండితనం. వాళ్లకు బదులు ఒక మార్గం ఉండేది. వంటకు గింజలు కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, వారం చివర అది చర్చికి చేరడం. ఉపవాసం రోజు తలకు నూనె రాసి, ముఖం కడుక్కోమని మత్తయి సువార్తలో ఉంది కదా. కొందరు ముసలమ్మలు దాన్ని అక్షరాలా పాటించేవాళ్లు. మామూలు రోజుల్లో చిక్కు జుట్టుతో తిరిగే మనిషి నున్నగా దువ్వుకొని కనబడితే, ఈ రోజు ఈమె అన్నం తినలేదన్నమాట అని కోడళ్లు కనిపెట్టేసేవాళ్లు. దాచిపెట్టడానికి చేసిన పనే బయటపెట్టేది పాపం.

జబ్బు ప్రార్థనల్లోనూ అంతే జాగ్రత్త కావాలి. మిషన్ ఆసుపత్రులు పుట్టిందే మందునూ ప్రార్థననూ ఒకే కప్పు కింద పెట్టి. జబ్బు పడ్డ రాజు హిజ్కియా బ్రతుకుతాడని దేవుడే మాట ఇచ్చిన తర్వాత కూడా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. ప్రార్థన చేయించుకున్నాం కదా అని బీపీ మాత్ర మానేసేవాళ్లకు ఆ వచనం చదివి వినిపించాలి.

అడిగింది దొరకనప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికంటే కష్టం. దానికి 131వ కీర్తన కంటే మంచి చోటు నాకు తెలియదు. మూడే వచనాలు. అందని గొప్ప సంగతుల జోలికి పోలేదనీ, పాలు మాన్పించిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు తన ప్రాణం ఉందనీ దావీదు అంటాడు. పాలు తాగే పిల్ల అనలేదు. పాలు మాన్పించడం చూసిన వాళ్లకు ఇది వెంటనే కళ్లకు కడుతుంది. వేపాకు మెత్తగా నూరి తల్లి రొమ్ముకు పూస్తారు. పిల్ల ఆశగా వచ్చి నోరు పెట్టి, చేదు తగలగానే ముఖం ముడిచి తల్లి వైపు చూస్తుంది. ఆ చూపు ఎవరూ మరిచిపోలేరు. రెండు మూడు రాత్రులు ఇల్లంతా నిద్ర ఉండదు. ఏడుపు, గోకుడు, జుట్టు పీకుడు. అమ్మే చేదైపోయింది మరి. తల్లికీ కడుపు తరుక్కుపోతుంది గానీ పిల్ల సంగటి మెతుకు అలవాటు పడాలి. నాలుగో రోజో ఐదో రోజో పిల్ల వచ్చి తల్లి ఒళ్లో కూర్చుంటుంది. పైట లాగదు. ఏమీ అడగదు. తల ఆమె గుండెకానించి ఊరికే కూర్చుంటుంది. పాల కోసం కాకుండా అమ్మ కోసం వచ్చి కూర్చోవడం అదే మొదటిసారి. కీర్తనలో ఉన్న పిల్ల ఈ పిల్ల. అంతకు ముందటి మూడు రాత్రుల ఏడుపు ఆ వచనం లోపలే ఉంది, అందుకే ఏడ్చిన వాళ్లను నమ్మకం లేని వాళ్లని తీసిపారేయకూడదు.

కొన్ని ఇళ్లలో ప్రార్థన నోటు పుస్తకం ఉండేది. బడి పిల్లల రూళ్ల పుస్తకమే, మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క తేదీ, అడిగింది ఒక్క ముక్కలో. కుడి పక్క ఖాళీ. ఏడాది చివర, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు పోయే ముందు కుడి పక్క నింపేవాళ్లు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ‘అయింది’ అని రాయగలిగినవే నింపి మిగతావి వదిలేస్తారు, రెండేళ్లకు పుస్తకం అబద్ధమాడటం మొదలుపెడుతుంది. సరిగ్గా రాసేవాళ్ల పుస్తకంలో మూడు మాటలు ఉండేవి. అయింది. కాలేదు. వేరేగా అయింది. కాలేదు అని రాసిన వాటిని కొత్త పుస్తకంలోకి ఎక్కించాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. ఒకే విన్నపం పదేళ్లు పుస్తకం నుంచి పుస్తకానికి మారుతూ వచ్చిన ఇళ్లున్నాయి, సిరా రంగు మారింది గానీ మాట మారలేదు.

కూటం అయ్యాక లాంతరు వత్తి తగ్గించి, పెద్దక్షరాల బైబిలును గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేవాళ్లు. మగవాళ్లు మోకాళ్ల కింది తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకొని వాకిట్లోకి వచ్చి ఒకసారి పడమటి దిక్కు చూసేవాళ్లు. చుక్కలు తేటగా ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. “తెల్లారి గొర్రు ఎవరి దగ్గరుంది, నీ దగ్గరా?” అని అడిగి, ఎవరిళ్లకు వాళ్లు పోయేవాళ్లు.